జిగణి బురద ఏ రాయిది?

20 మిల్లీమీటర్ల మందం గ్రానైట్ పలకను కోసేటప్పుడు డైమండ్ బ్లేడు దాని పక్కనే ఇంకో ఆరు మిల్లీమీటర్ల రాయిని పిండి చేసేస్తుంది. బ్లేడుకూ మందం ఉంటుంది కాబట్టి, అది దారి చేసుకోవాలంటే అంత రాయి పోవాల్సిందే. 26 మిల్లీమీటర్ల రాయి ఖర్చు పెడితే చేతికొచ్చేది 20. ఈ లెక్కన 20 టన్నుల బ్లాకులో నాలుగున్నర టన్నులు కోతలోనే పోతాయి. అంచులు సరిచేసేటప్పుడు పోయేది, పాలిష్‌లో అరిగేది, ఎత్తి దించడంలో విరిగేది వేరే. బ్లేడు వేడెక్కకుండా నీళ్లు ధారగా పోస్తూ ఉంటారు. పొడి ఆ నీళ్లలో కలిసి, బూడిదరంగులో చిక్కగా కాలువ వెంట పారి తొట్టిలో చేరుతుంది. తొట్టి అడుగున తేరుకున్నదాన్ని ఎత్తి పక్కన పోస్తే అదే గ్రానైట్ స్లరీ, మామూలు మాటల్లో రాతి బురద. బెంగళూరుకు దక్షిణాన ఆనేకల్ తాలూకాలోని జిగణిలో రోడ్డు పొడవునా గ్రానైట్ దుకాణాలు, వాటి వెనక కోత షెడ్లు కనిపిస్తాయి. నగరంలో ఎన్నో వంటింటి గట్లు, మెట్లు, అపార్ట్‌మెంటు లాబీలు ఆ దారినే వచ్చాయి. మెరిసే పలకను ఇంటికి తెచ్చుకున్నవాళ్లకు దానితోపాటు పుట్టిన బురద ఎటు పోయిందన్న అనుమానం రాదు. బిల్లులో దానికి ఒక వరుస ఉంటే వచ్చేదేమో.

ఆ బురద ఎటు పోతుందంటే, ఎక్కువగా ఊరి బయటి ఖాళీ జాగాలకే. అందులోని రేణువుల్లో అధిక భాగం 75 మైక్రాన్ల కంటే సన్నం, అంటే మనం వాడే సిమెంటు మెత్తదనానికి దగ్గర. నేల మీద పోస్తే మట్టి సందులన్నీ పూడ్చి గట్టి పొరలా పరుచుకుంటుంది, వాన నీరు కిందికి ఇంకదు. ఎండితే గాలికి లేస్తుంది. దీన్ని ఇళ్ల నిర్మాణంలోకి మళ్లించవచ్చని ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివేవాళ్లు ఏటా ప్రాజెక్టులు రాస్తూనే ఉన్నారు. కాంక్రీటులో ఇసుకకు బదులు కొంత, ఇటుకలో కొంత, పేవర్ బ్లాకుల్లో కొంత కలిపి చూడడం, ఫలితం బాగుందని తేల్చడం. అయినా జిగణి చుట్టూ కుప్పలు కుప్పలుగానే ఉన్నాయి. దీనికి కారణం ప్రయోగశాలల్లో లేదని నా వాదన. ప్రయోగానికి తెచ్చిన పొడి ఫలానా రాయిదని ముందే తెలిసి ఉంటుంది. తొట్టిలోంచి ఎత్తిన బురద ఏ రాయిదో చెప్పగలిగినవాళ్లు లేరు. రాతి పొడి పనికొస్తుందా అని అడిగితే జవాబు రాదు. ఏ రాయిది, ఏ రంపంతో కోసినది, దేనితో కలిసినది అని అడిగితేనే వస్తుంది.

రాళ్లన్నీ ఒకటి కావని బెంగళూరుకు చెప్పనక్కర్లేదు. 1956లో పూర్తయిన విధానసౌధలోనే చుట్టుపక్కల తీసిన బూడిదరంగు బెంగళూరు గ్రానైటుతోపాటు మాగడి గులాబీ రాయి, తురువేకెరె నల్లరాయి అలంకారంగా కనిపిస్తాయి. బజారులో పలక రూపంలో అమ్మే గట్టి రాయి ప్రతిదీ గ్రానైటే. భూగర్భ శాస్త్రానికి మాత్రం అలా కుదరదు. అసలైన గ్రానైట్‌లో క్వార్ట్జ్, అంటే స్ఫటిక రూపంలోని సిలికా, కనీసం ఐదో వంతు ఉంటుంది, మిగతాది ప్రధానంగా ఫెల్డ్‌స్పార్. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీ గాబ్రో కోవకు చెందిన రాయి. అందులో క్వార్ట్జ్ నామమాత్రం, ఇనుము, మెగ్నీషియం ఉన్న ఖనిజాలు ఎక్కువ. నల్ల పలకలో మిలమిలలాడే చుక్కలు కూడా అలాంటి ఖనిజమే. రాజస్థాన్ పాలరాయి కార్బొనేట్ రాయి, సున్నం చుట్టం. చూపుకు అన్నీ పలకలే, గుణానికి మూడు రకాలు. కోత షెడ్డులో మాత్రం పొద్దున గులాబీ రాయి, మధ్యాహ్నం కరీంనగర్ టాన్ బ్రౌన్, సాయంత్రం గెలాక్సీ కోసినా నీళ్లన్నీ చేరేది ఒక్క తొట్టికే. ఆ క్షణం నుంచి అది ఏ రాయీ కాని బురద అయిపోతుంది.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, గోడలోకి వెళ్లాక ప్రతి పొడి చేసే పని వేరు. థర్మల్ కేంద్రాల బూడిద కాంక్రీటులో ఉపయోగపడేది అందులోని సిలికా గాజులాంటి స్థితిలో ఉంటుంది కాబట్టి. సిమెంటు గట్టిపడేటప్పుడు విడుదలయ్యే సున్నంతో అది మెల్లగా కలిసి కొత్త బంధాన్ని తయారు చేస్తుంది. గ్రానైట్ పొడిలోని సిలికా కోట్ల ఏళ్లుగా స్ఫటికంగా స్థిరపడిపోయింది, మామూలు వేడిలో సున్నం జోలికి పోదు. కాబట్టి సిమెంటును తగ్గించి ఆ స్థానంలో గ్రానైట్ పొడి వేద్దామనుకుంటే, వేసినకొద్దీ బలం తగ్గుతుంది. అదే పొడి ఇసుక రేణువుల మధ్య సందుల్లో చేరితే మాత్రం లాభమే, పెసలు పోసిన డబ్బాలో రవ్వ పోసి కుదిపినట్టు ఖాళీలు నిండుతాయి, కాంక్రీటు చిక్కబడుతుంది. ఇసుకలో పదోవంతు దాకా ఇలా మార్చినా బలానికి లోటు రాదని చాలా పరీక్షల్లో తేలింది. అంతకు మించితే ఆ సన్నటి పొడి నీళ్లు తాగేస్తుంది. మేస్త్రి ఇంకాస్త నీళ్లు పోస్తాడు, నీళ్లు పెరిగాయంటే బలం పోయినట్టే. దట్టంగా ఊచలు కట్టిన చోట తనంతట తానే సర్దుకునే కాంక్రీటు ఒకటుంది. దానికి సిమెంటుతోపాటు ఇలాంటి మెత్తటి పొడులు ఘనమీటరుకు మొత్తం 400 నుంచి 600 కిలోల దాకా కావాలి. ఆ పనికి గ్రానైట్ పొడి సహజంగా సరిపోతుంది. రేపు తెచ్చే పొడి నిన్న తెచ్చినదానిలాగే ఉంటుందన్న హామీ ఉంటేనే రెడీమిక్స్ ప్లాంటు దాన్ని ముట్టుకుంటుంది. ఆ హామీ ఇవ్వలేకపోవడమే తొట్టి కథ.

రాయి ఒక్కటే కాదు, రంపమూ లెక్కలోకొస్తుంది. పాత తరహా గ్యాంగ్ సా యంత్రాల్లో బ్లాకును నిజంగా కోసేది ఉక్కు గుళికలు. వాటిని సున్నం కలిపిన నీళ్లతో బ్లేడ్ల కిందికి పంపుతారు. ఆ గుళికలు అరిగి బురదలోనే మిగులుతాయి. అలాంటి బురదతో పేవర్ బ్లాకు చేస్తే కొన్నాళ్లకు పైన తుప్పు మరకలు తేలుతాయి. డైమండ్ బ్లేడు బురదలో ఈ బెడద లేదు. పగుళ్లు కప్పడానికి పలకలకు రెసిన్ పట్టించి తర్వాత పాలిష్ చేస్తే, ఆ నీళ్లలో రెసిన్ తునకలు ఉంటాయి. ఒకే ఫ్యాక్టరీలో కోత నీళ్లు ఒకవైపు, పాలిష్ నీళ్లు మరోవైపు పోయేలా రెండు కాలువలు తీయడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు, పది మీటర్ల గోడా ఒక గేటూ చాలు. ఆ గోడ కట్టమని యజమానిని ఎవరూ అడగలేదు, అతనికి దాని వల్ల వచ్చే పైసా కూడా లేదు.

ఇదంతా కాగితం మీది మాట, మన దేశంలో వ్యర్థం సరుకుగా మారదు అనేవాళ్లకు బెంగళూరే జవాబు. తెలుగునాట రోబో శాండ్ అని పిలుచుకునే ఎం-శాండ్, అంటే రాయిని నలగ్గొట్టి చేసే ఇసుక, ఈ నగరంలో నిలదొక్కుకున్న తీరు చూడాలి. నదుల ఇసుక కరువై, ఇసుక తవ్వకాలకు పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో చెప్పేనాటికే కర్ణాటక ప్రత్యామ్నాయం వెతుక్కుంటోంది. రాతి ఇసుక మోర్టారుకు, కాంక్రీటుకు తగునా అన్నదాన్ని ఇక్కడి ఐఐఎస్సీలో ఆచార్య బి.వి. వెంకటరామరెడ్డి పరీక్షించి 2011లో నివేదిక ఇచ్చారు. తర్వాత 2016లో భారత ప్రమాణం ఐఎస్ 383ను సవరించినప్పుడు తయారుచేసిన ఇసుకకు అందులో చోటు దక్కింది. అంతకుముందు క్రషర్ పక్కన ఊరికే పడి ఉన్న పొడి, రేకుల్లా పలచగా ఉండే రేణువులను గుండ్రం చేసే యంత్రం వచ్చాక, పరీక్షా కాగితం చేతికొచ్చాక, ధర పలికింది. ఈరోజు బెంగళూరులో కొత్తగా లేచే గోడల్లో చాలావాటికి వాడే సాలిడ్ బ్లాకుల్లో ఉండేది ప్రధానంగా సిమెంటు, సన్న కంకర, క్రషర్ డస్టే. వ్యర్థంతో కట్టిన ఇంట్లో ఉండమంటారా అని ముఖం చిట్లించేవారు బహుశా ఆ గోడల మధ్యే కూర్చుని ఉంటారు.

ఇక్కడే గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఎం-శాండ్ మొదట్లో వ్యర్థమే, తర్వాత దానికి గిరాకీ పెరిగి, దానికోసమే కొండలను పేల్చడం మొదలైంది. 2021 జనవరిలో శివమొగ్గ దగ్గర హుణసోడులో, నెల దాటీ దాటగానే ఫిబ్రవరిలో చిక్కబళ్లాపురం దగ్గర హిరేనాగవల్లిలో క్వారీ పేలుడు పదార్థాలు పేలి మనుషులు పోయారు. నగరం రాయి తీసుకున్న గుంతల్లో, బెళ్లహళ్లి, మిట్టగానహళ్లి లాంటి చోట్ల, ఆ నగరం చెత్తే నింపింది. రాయి బదులు చెత్త, ఇది నగరం పల్లెకు చెల్లించే బదులు! పైగా ఎం-శాండ్‌ను కడిగినప్పుడు వదిలే సన్నటి మడ్డి ఇంకో కొత్త వ్యర్థం. కాబట్టి పునర్వినియోగం అన్న మాటను క్వారీలకు అనుమతి పత్రంగా వాడుకునే ప్రమాదం నిజంగానే ఉంది. కోత బురద విషయంలో ఆ ప్రమాదం తక్కువని నా అంచనా. బురద కోసం గ్రానైట్ బ్లాకును ఎవరూ కోయరు, పలక ధర ముందు బురద ధర ఎప్పటికీ చిల్లరే. కాకపోతే కోత బురద పేరుతో క్రషర్ పొడి అమ్ముడుపోకుండా చూడాలి, అందుకూ ఆ సరుకు ఏ షెడ్డు తొట్టిలోంచి వచ్చిందో రాసి ఉన్న చీటీ ఒక్కటే ఆధారం.

బెంగళూరుకు చేతికందే దూరంలో రెండు దారులున్నాయి. ఒకటి మట్టి బ్లాకులు. ఆచార్య అమూల్య రెడ్డి 1974లో ఐఐఎస్సీలో నెలకొల్పిన ‘ఆస్త్ర’ కేంద్రం గ్రామాల కోసమని మొదలుపెట్టిన పనుల్లో సిమెంటు కలిపి ఒత్తిన మట్టి బ్లాకు ఒకటి, చివరికి దాన్ని ఎక్కువ ఇష్టపడింది నగరవాసులే. ఆరేడు శాతం సిమెంటు చాలు, బట్టీ అక్కర్లేదు. వెంకటరామరెడ్డి, కె.ఎస్. జగదీశ్ 2003లో వేసిన లెక్క ప్రకారం ఘనమీటరు కాల్చిన ఇటుక గోడకు దాదాపు 2,140 మెగాజౌళ్ల శక్తి పడితే, ఆరు శాతం సిమెంటు మట్టి బ్లాకు గోడకు 650 మెగాజౌళ్లలోపే పడుతుంది. ఈ బ్లాకుకు మట్టిలో మూడింట రెండు వంతులు ఇసుక ఉండాలి, బంక పదోవంతు ప్రాంతంలో ఉంటే మేలు. బెంగళూరు ఎర్రమట్టిలో బంక ఎక్కువ, దాన్ని పలచన చెయ్యడానికి ఇసుకో క్వారీ డస్టో కలపక తప్పదు. పలకల అంచు ముక్కలు, విరిగిన స్లాబులు నూరితే వచ్చే గరుకు పొడి సరిగ్గా ఈ లోటు పూడుస్తుంది. సన్నటి బురదను మాత్రం ఇందులో ఎక్కువ కలపకూడదు, బ్లాకుకు కావాల్సింది గరుకు. బురద ఉత్సాహవంతులు ఈ తేడా చెప్పకుండా అన్నీ కలిపి రాతి వ్యర్థం అనేస్తారు.

రెండోది మాలూరు. కోలారు జిల్లాలోని ఈ ఊరు ఇటుకలకూ పెంకులకూ పేరుబడ్డది. బంకమట్టి ఇటుక ఆరేటప్పుడు ముడుచుకుని బీటలు వారుతుందని మట్టిలో ఊకో, ఇసుకో, బూడిదో కలపడం ఇటుకల పనివాళ్లకు తెలిసిన విద్యే. గ్రానైట్ బురద ఆ పని చేస్తుంది, తడిగానే కలపొచ్చు కాబట్టి ఆరబెట్టే ఖర్చూ ఉండదు. ఇటుక బట్టీ వేడి వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో ఆగిపోతుంది, అక్కడ గ్రానైట్ కరగదు. 1,200 డిగ్రీల దాకా పోయే నేల టైల్స్ కొలిమిలో అదే పొడిలోని ఫెల్డ్‌స్పార్ కరిగి మిగతా రేణువులను అంటిస్తుంది. టైల్స్ కంపెనీలు డబ్బిచ్చి కొనే ఫెల్డ్‌స్పార్‌కు అది తమ్ముడు. గెలాక్సీ పొడి అందులో పడితే మాత్రం ఇనుము వల్ల తెల్ల టైలు కాస్తా గోధుమరంగుకు తిరుగుతుంది. ఇటుకలో రంగు మారినా ఎవరికీ పట్టదు. చూడండి, మళ్లీ అదే ప్రశ్న దగ్గరికి వచ్చాం.

ఆరోగ్యం సంగతి చెప్పకుండా ఈ విషయం ముగించడం తగదు. గ్రానైట్ పొడిలోని స్ఫటిక సిలికా ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానికి మందు లేదు. క్వార్ట్జ్ పిండిని రెసిన్‌తో అంటించి చేసే కృత్రిమ రాతి పలకల వల్ల వంటింటి గట్లు కోసే యువకులు ఆ జబ్బు పాలయ్యారని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ పలకలనే నిషేధించింది. రాతి పొడిని మళ్లీ ఫ్యాక్టరీలోకి తేవడమంటే ఆ ప్రమాదాన్ని ఇంకో కూలి మీదికి తోయడం కాదా అని అడిగితే, పొడిగా తెస్తే అవుననే చెప్పాలి. అందుకే ఫిల్టర్ ప్రెస్‌లో నీరు పిండి, తడి ముద్దగానే లారీ ఎక్కించి, తడిగానే కలిపేసే వాడకాలకు మొదటి చోటు ఇవ్వాలి. ఎండబెట్టి, జల్లెడపట్టి, సంచుల్లో నింపి అమ్మే పథకాలు ఎంత లాభంగా కనిపించినా వాటి దగ్గర మాస్కుల లెక్క ముందు అడగాలి. ఈరోజు ఖాళీ జాగాల్లో ఎండి లేస్తున్న పొడిని పీల్చేవాళ్లకైతే ఏ మాస్కూ ఎవరూ ఇవ్వడం లేదు.

మిగిలింది డబ్బు. తడి ముద్దలో నీటి బరువుకూ లారీ బాడుగ కట్టాలి, క్రషర్ డస్టేమో బ్లాకుల యూనిట్ గుమ్మంలోకే వస్తుంది. బ్లాకులు చేసే చిన్న యజమాని బురదను ఎందుకు కొంటాడు? కొనడు. ఉచితంగా ఇచ్చినా తీసుకోడు. థర్మల్ కేంద్రాల బూడిద, అంటే ఫ్లై యాష్‌దీ ఒకప్పుడు ఇదే గతి. 1999 సెప్టెంబరులో కేంద్రం నోటిఫికేషన్ తెచ్చి థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఇటుకల్లో బూడిద కలపాలంది. ఆ దూరం 2003లో 100 కిలోమీటర్లయింది, 2016లో 300 అయింది. 2021 చివరి నోటిఫికేషన్ వాడకుండా మిగిల్చిన బూడిదకు టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం కేంద్రాలే కట్టాలని తేల్చింది. ఒకనాడు చెరువుల్లో కలిపిన బూడిద రాయచూరు, బళ్లారి కేంద్రాల నుంచి వందల కిలోమీటర్లు దాటి బెంగళూరు కాంక్రీటులోకి వస్తోందంటే, రసాయన గుణంతోపాటు ఈ ఒత్తిడీ కారణమే. జిగణి బురద నగరం గుమ్మంలోనే ఉంది, దాన్ని పారబోయడానికి మాత్రం ఇప్పటికీ ఖర్చు లేదు. పారబోత ఉచితంగా ఉన్నంతకాలం ఏ వాడకమూ చవగ్గా కనిపించదు. మునిసిపాలిటీ ఫుట్‌పాత్ టెండర్లలో, ప్రజాపనుల శాఖ రేట్ల పట్టికలో కోత బురద కలిపిన పేవర్ బ్లాకు ఒక పేరుతో, ఒక పరీక్షతో చేరితే తప్ప ఇంజినీరు దాని మీద సంతకం పెట్టడు. అతన్ని తప్పుపట్టడానికీ లేదు, పట్టికలో లేని సరుకు వాడితే రేపు ఆడిట్‌లో నిలబడేది అతనే.

రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇంకో రకం ఏర్పాటు చూడొచ్చు. అక్కడి పాలరాయి బురదనంతా ఒకేచోట పోయగా పోయగా తెల్లటి గుట్టలు లేచాయి, ఇప్పుడు జనం వాటిని మంచు కొండల్లా చూసి పెళ్లి ఫోటోలు తీయించుకుంటున్నారు. ఫోటోల సంగతి అలా ఉంచి, ఒకే రకం రాయి ఒకేచోట చేరడం అనే సగం పని అక్కడ జరిగిపోయింది. తెలుగునేల మీద ఆ అనుకూలం అనంతపురం జిల్లా తాడిపత్రికి ఉంది. అక్కడి పాలిష్ యూనిట్లలో కడప బండలని మనం పిలిచే నల్ల సున్నపురాయి కోసేవి చాలా ఉన్నాయి. ఆ యూనిట్ల బురద ఏ రాయిదన్న సందేహం తక్కువ. సున్నపురాయి పొడి గ్రానైట్ పొడిలా సిమెంటులో ఊరికే కూర్చోదు, కాల్చిన బంకమట్టితో జతకడితే బంధంలో కొంత పాలు పంచుకుంటుంది. 2023లో భారత ప్రమాణం ఐఎస్ 18189 గుర్తించిన ఎల్‌సీ3 సిమెంటులో సగం క్లింకరు (మామూలు సిమెంటుకు మూలమైన, బట్టీలో కాల్చిన గుళికలు), 30 శాతం కాల్చిన బంకమట్టి, 15 శాతం సున్నపురాయి ఉంటాయి. ఆ రాయి మామూలు సిమెంటు బట్టీకి కావాల్సినంత మేలురకం కానక్కర్లేదు. తాడిపత్రి చుట్టుపక్కలే పెద్ద సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. పాలిష్ యూనిట్ తొట్టికీ సిమెంటు మిల్లుకూ మధ్య ఉన్నది ట్రాక్టరు పోగలిగేంత దూరమే. జిగణి షెడ్లలో రెండో కాలువ తీయించడానికి ఎంత కాలం పడుతుందో గానీ, తాడిపత్రిలో ఆ ట్రాక్టరు బాడుగ యూనిట్లు పెట్టుకోవాలా ఫ్యాక్టరీ పెట్టుకోవాలా అన్నది తేల్చుకుంటే రేపే మొదలుపెట్టొచ్చు.